వంగిన రేకును చక్కజేయు విద్య

(విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో మమ్ములను మాటలాడుమని కోరినవారు, మేము విశ్వకర్మ మాహాత్మ్యమును గూర్చియో, శిల్పశాస్త్రములను గూర్చియో ప్రసంగింతుమని తలచి యుందురు. ముప్పదియైదు సంవత్సరములు బడిలో తెలుగును, దానితోపాటు కొంత సంస్కృతమును చెప్పి విరమించిన వృద్ధోపాధ్యాయులనుండి అంతకంటె నేమి ఆశింతురు! కాని నేడు మేము ఎన్నుకొన్న విషయము పురాణములలోనిది కాదు. రావులపాలెమున రహదారి ప్రక్కనున్న ఒక రేకులషెడ్డులోనిది. పాతకారునకు సొట్టలు పడినప్పుడు ఆ రేకును మఱల చక్కజేయుట యెట్లు అనునదియే మా ప్రసంగవిషయము. దీనిని పనివారు టింకరింగు అందురు. నవ్వదలచినవారు నవ్వవచ్చును. మేమును ఒకప్పుడు నవ్వినవారమే. ఆ నవ్వునకు ప్రాయశ్చిత్తముగానే నేడు ఈ వేదిక నెక్కితిమి.

మహాభారతమున అరణ్యపర్వమునందు అష్టావక్రుని కథ కలదు. తల్లిగర్భమున నుండగనే ఆ శిశువు తండ్రియైన కహోడుని వేదాధ్యయనములోని లోపమును ఎత్తిచూపెను. తండ్రి కోపించి, ఎనిమిది వంకరలతో పుట్టుమని శపించెను. బిడ్డడట్లే పుట్టెను. పెరిగి పెద్దవాడై, జనకుని సభలో వందిని వాదమున గెలిచి, జలమున మునిగిన తండ్రిని మఱల తెచ్చుకొనెను. అప్పుడు ఆ తండ్రియే కుమారుని సమంగానదిలో దిగుమని ఆనతీయగా, అతడు దిగి, అవయవములన్నియు చక్కనై లేచెను. ఈ కథను మేము పిల్లలకు ఎన్నిమారులు చెప్పితిమో లెక్కలేదు. వంకర కలిగించినవాని నోటనుండియే చక్కజేయు మాటయు రావలసి వచ్చెనను సంగతి మాత్రము మాకు బడిలో తోచలేదు. ఆ షెడ్డులో తోచినది.

మా తండ్రిగారు కంచరపని చేసినవారు. నాటి పశ్చిమగోదావరిలో పెరవలి చెంతనుండిన అజ్జరము పేరును, అచ్చటి ఇత్తడిపనిని ఎఱుగనివారు ఈ సభలో నుండరు. మా తండ్రిగారిది అంత గొప్ప పని కాదు. వారు సంతలు తిరిగి, సొట్టపడిన బిందెలను తీర్చుచు, చిల్లులకు మాట్లు వేయుచు, గిన్నెల లోపల కళాయి పూయుచు జీవించిరి. నూతిగట్టుపై జారిపడిన బిందెను ఎవరైన తెచ్చిన, మొద్దునకు బిగించిన గుండుతల ఇనుపకడ్డీకి ఆ బిందెను తగిలించి, పైనుండి కొయ్యసుత్తితో మెల్లమెల్లగా తట్టుచు త్రిప్పుచుండెడివారు. తట్టుచుండగా బిందె చేయు సద్దు మాఱునట. "సద్దు వినరా, సద్దు విను" అని మాతో ననుచుండెడివారు. మేము వినలేదు. శబ్దమంజరి చేతబట్టుకొని అరుగు మీద కూర్చుంటిమి. అట్లు కూర్చుండుటయే వారికిని ఇష్టమాయెను. తమ కుమారుడు చేతులు నల్లజేసికొనరాదని, మమ్ములను కొవ్వూరునకు పంపి సంస్కృతము చెప్పించిరి.

ఇంతలో కాలము మాఱెను. ఇత్తడి బిందెల స్థానమున స్టీలుబిందెలు, వానివెంట ప్లాస్టిక్కుబిందెలు వచ్చినవి. ప్లాస్టిక్కునకు మాటు లేదు, పగిలినచో పారవేయుటయే. కంచరిచేతికిని కమ్మరిచేతికిని పని తగ్గినది. పని తగ్గినంత మాత్రమున చేయి మఱచిపోదు గదా! ఆ చేతులు మోటారుషెడ్డులకు నడచినవి. మనువుసంతతివారి యినుపపనియు, త్వష్టసంతతివారి కంచుపనియు అచ్చట నొక్కటైనవి. ఈ విద్య మన కులమువారి సొత్తు మాత్రమే యని మేము చెప్పబోము. మహమ్మదీయ సోదరులును, ఇతరులు ననేకులును ఇందు ఆరితేఱినవారు కలరు. విజయవాడ ఆటోనగరులోను, కాకినాడలోను, రాజమహేంద్రవరములోను ఒక సుత్తిని పలుకులములవారు పట్టి, ఒకరివలన నొకరు నేర్చుకొనినారు. మనకు దీనితో నున్న సంబంధము తండ్రితాతలనాటి చేతిసంబంధము, అంతే.

ఇక అసలు కథకు వత్తుము.

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను ముంచిన తుఫానును ఇచ్చటివారికి వర్ణింప నక్కఱలేదు. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కొబ్బరితోటలు వరుసవరుసలుగా నేలకొరిగినవి. అమలాపురము చెంత మా యన్నగారి యింటిముందు నిలిపియున్న అంబాసిడరుకారుపై ఒక కొబ్బరిచెట్టు పడినది. చెట్టు మొదట ప్రహరీగోడను తాకి, ఆ వేగము కొంత తీఱిన తరువాత కారు టాపుపై ఎడమమూల ఒరిగి, అచ్చటినుండి జారి, బానెట్టును నొక్కి, ఎడమమడ్గార్డును మడిచి నేలజేరినది. ఆ కారు మా యన్నగారికి జీవనాధారము. దానిని అద్దెకు త్రిప్పుచు నలుగురు పిల్లలను పోషించుచుండిరి.

కారును త్రాళ్లతో లాగించి ఒక పట్టణములోని పెద్దషెడ్డునకు చేర్చితిమి. వారు చూచి, టాపును కోసివేసి వేఱొకటి అతికింపవలెననియు, మడ్గార్డు పాతసామానులకు తప్ప పనికిరాదనియు చెప్పి, కారు వెలలో సగమునకు పైగా అడిగిరి. మా యన్నగారు నోటమాట లేక నిలిచిపోయిరి. అప్పుడొక లారీడ్రైవరు, రావులపాలెమున ఒక కుఱ్ఱవాడు కలడనియు, వాడు కొట్టుటకంటె చూచుటయే యెక్కువయనియు చెప్పెను. అచ్చటికి పోయితిమి. షెడ్డులోనుండి వెలుపలికి వచ్చిన యువకుడు మమ్ములను చూచి, చేతులు గుడ్డతో తుడుచుకొని, "నమస్కారమండి మాస్టారూ" అనెను.

అతడు మా శిష్యుడు. 1986వ సంవత్సరము ఆగస్టులో గోదావరికి మహావరద వచ్చినప్పుడు లంకలోని వారి యిల్లు కొట్టుకొనిపోయినది. రెండు నెలలు బడికి రాలేకపోయెను. వచ్చిన తరువాత నొకనాడు మేమొక దీర్ఘసమాసమునకు విగ్రహవాక్యము చెప్పుమంటిమి. ఆ బాలుడు మొదటి పదమునుండి మొదలుపెట్టి, ముక్కముక్కలుగా విఱిచి, అర్థమంతయు చెడగొట్టెను. తరగతి నవ్వినది. మేమును నవ్వి, "నీకు సమాసములు విప్పుట యెందుకు? నీ చేతికి సుత్తియే తగును" అంటిమి. మఱునాటినుండి ఆ బాలుడు బడికి రాలేదు. ఇంటికి పోయి పిలువవలెనని మాకు తోచలేదు. సుత్తి పట్టినవాని కుమారులమై యుండియు, ఆ మాటను తిట్టుగా వాడితిమి. అంతకంటె సిగ్గుపడవలసిన దేమున్నది!

పది సంవత్సరముల తరువాత ఆ చేతిక్రిందికే మా యన్నగారి జీవనాధారము వచ్చినది.

మొదటిదినమున అతడు సుత్తి ముట్టలేదు. కారు చుట్టును తిరిగెను. వంగి చూచెను; ప్రక్కకు ఒరిగి చూచెను. ప్రొద్దు వాలిన తరువాత దీపము పట్టుకొని, దాని వెలుగు రేకుపై ఎచ్చట వంకరపోవుచున్నదో గుర్తించి సుద్దతో గీతలు గీసెను. అరచేతిక్రింద పలుచని గుడ్డ నుంచుకొని, రేకుపై నిలువుగాను అడ్డముగాను రాచెను. గుడ్డ యెందుకని అడిగితిమి. "ఒట్టి చెయ్యి రేకుని పట్టుకుంటుందండి మాస్టారూ. గుడ్డుంటే జారుద్దండి. జారితేనే ఎత్తుపల్లాలు తెలుస్తాయండి" అనెను.

తరువాత దారము తీసికొని, ఎడమవైపు తలుపుచట్రమును మూలనుండి మూలకు కొలిచి, ఆ కొలతలను కుడివైపుదానితో పోల్చెను. లారీకివలె అంబాసిడరునకు క్రింద వేఱుగా బరువుచట్రము లేదు. రేకులును స్తంభములును గూడి ఒక్క పెట్టెవలె ఏర్పడి బరువును మోయును. కావున టాపును ఎంత నున్నగా తీర్చినను, స్తంభము వంగియుండినచో తలుపు పడదు, అద్దము నిలువదు. ముందు ఎముక, పిమ్మట చర్మము; ఇది మొదటి నియమము.

మఱునాడు అద్దములు విప్పి, టాపులోపలి గుడ్డ తీసివేసెను. టాపులో బట్టలుదుకు తొట్టియంత పల్లము కనబడుచుండెను. మా యన్నగారు ఆతురతతో, లోపలినుండి ఆ పల్లపు నడుమ ఒక్కపోటు పొడిచినచో పైకి వచ్చును గదా యనిరి. అందుల కతడు చెప్పిన మాటను మేము నేటికిని మఱువలేదు. "అక్కడ ముట్టుకోకూడదండి. అది తప్పు చెయ్యలేదండి. పక్కన మడత దాన్ని పట్టుకుందండి. మడతని వదిలిస్తే అదే వచ్చేస్తుందండి" అనెను.

ఈ మాటలోని శాస్త్రమును కొంచెము వివరింతుము. ఉక్కురేకునకు రెండు స్వభావములు కలవు. కొంతమేర వంచి విడిచిన, తనంత తాను పూర్వస్థితికి వచ్చును. ఆ మేర దాటినచో వంగినచోటనే నిలిచిపోవును. సొట్టపడిన రేకులో ఈ రెండవ గతి పట్టిన భాగము మిక్కిలి కొంచెము. అది అంచులయందు గట్టువలెనో, గాడివలెనో సన్నగా నుండును. తక్కిన విశాలమైన పల్లమంతయు ఇంకను తిరిగి రాగోరుచునేయున్నది. అంచునందలి మడతలు దానిని కట్టిపెట్టినవి. మడతను విప్పక నడుమ గ్రుద్దినచో, నిర్దోషమైన రేకు సాగి, లేని దోషము క్రొత్తగా పుట్టును. మఱియు, మడతపడినచోట లోహము గట్టిపడును. ఇత్తడిని కొట్టగా కొట్టగా గట్టిపడునని కంచరులకు తెలిసినదే. అందుకే వారు నడుమనడుమ కాల్చి మెత్తపఱచుకొందురు. గట్టిపడిన మడతకు దాని ప్రక్కరేకు మెత్తగా నుండును గనుక, బలాత్కారముగా నెట్టినచో మడత విప్పుకొనక, ప్రక్కనే మఱియొక మడత పడును.

ఇక ఏ మడతను ముందు విప్పవలెను? చెట్టు మొదట టాపును, పిమ్మట బానెట్టును, చివరకు మడ్గార్డును మడిచినదని చెప్పితిమి గదా! అతడు మడ్గార్డుతో ప్రారంభించెను. చివర పడిన మడత మొదట. మొదట పడిన దెబ్బ చివర. ఏలయనగా వెనుకటి మడతను ముందటి మడత అదిమి పట్టియుండును. పైముడి విప్పక లోముడి విడదు. ఇది వినగనే మేము గతుక్కుమంటిమి. దీర్ఘసమాసమునకు విగ్రహము చెప్పునప్పుడు, చివర కూడిన సమాసమును మొదట విడదీసి, క్రమముగా లోపలికి పోవలెనని మేము ముప్పదియేండ్లు బోధించిన నియమమిదియే. నాడు ఆ బాలునకు పట్టుబడనిది నేడు చేతిలో నున్నది. అది చేతినుండి మాటలోనికి తెచ్చుకొనుటకు సాయపడవలసిన గురువు నాడు నవ్వెను.

కారులోపల దృఢమైన పలక పఱచి, దానిపై చిన్నజాకీ నిలిపి, దాని తలపై కొయ్యదిమ్మ నుంచి, పల్లపు అంచుకడ మెల్లగా ఎత్తిపట్టెను. పైనుండి గట్టువెంబడి కొయ్యసుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేయుచుండగా, కొంతసేపటికి ఆ పెద్దపల్లములో సగము పెద్దచప్పుడుతో తనంత తానే పైకి లేచినది. మా యన్నగారు కనులు తుడుచుకొనిరి. అతడు మాత్రము తలయెత్తక, "సగం వచ్చిందండి. మిగిలింది ఇవ్వదండి, అడిగి తీసుకోవాలండి" అనెను.

ఆ మిగిలినదానికి సుత్తియు, డాలీయను ఇనుపదిమ్మయు వలయును. డాలీ గుప్పిట నిముడునంత దిమ్మ. దాని యొక్కొక్క ముఖమునకు ఒక్కొక్క వంపు. రేకు వంపునకు తగిన ముఖమును ఎంచి, లోపలినుండి ఎడమచేత ఒత్తిపట్టి, వెలుపల కుడిచేత సుత్తి వేయవలెను. ఇందు రెండు పద్ధతులు కలవు. పల్లము క్రింద డాలీని ఒత్తి, ప్రక్కనున్న ఎత్తుపై సుత్తి వేయుట ఒకటి. దీనివలన ఎత్తు దిగును, పల్లము లేచును, రేకు సాగదు. డాలీకి సూటిగా ఎదురుగానే సుత్తి వేయుట రెండవది. దీనివలన రేకు నునుపగును గాని, రెండినుముల నడుమ నలిగి పలుచనై వెడల్పగును. తెలియనివాడు ఈ రెండవ దెబ్బనే పదేపదే కొట్టును. అప్పుడు రేకునకు తన చోటు చాలక పొంగు వచ్చి, వ్రేలితో నొక్కిన డబ్బామూతవలె టప్పుమని లోనికి, టప్పుమని వెలికి పోవుచుండును. తెలిసినవాడు మొదటి పద్ధతితో పని చాలవఱకు ముగించి, రెండవదానిని తుదిని కొద్దిగా వాడును.

అట్లు సాగిపోయిన రేకును మఱల కుదించుటకు నిప్పు వలయును. పొంగు నడిమిని రూపాయిబిళ్లంత మేర గ్యాసుమంటతో మందమైన యెఱుపు వచ్చునంతవఱకు కాల్చును. కాలిన చోటు వ్యాపింపజూచును; చుట్టునున్న చల్లని రేకు దానిని వ్యాపింపనీయదు; కావున అది తనలో తాను దళసరియగును. అప్పుడు క్రింద డాలీ నానించి, పైన మెల్లగా తట్టి, తడిగుడ్డతో చల్లార్చినచో, కుదించుకొనుచు చుట్టుప్రక్కల అధికమును తనవైపునకు లాగికొనును. ఎక్కువైన లోహమును కోసివేయలేదు, దాచివేయలేదు. దాని చోటునకు దానిని చేర్చినారు. విశ్వకర్మ తన కూతురు సంజ్ఞకొఱకు సూర్యుని తేజస్సును తరిమెన పట్టి అష్టమాంశము మాత్రమే తగ్గించెనని పురాణము. తగ్గించునప్పుడును కొలత యెఱిగి తగ్గించువాడే శిల్పి.

పని సాగుకొలది సుత్తిదెబ్బ సద్దు మాఱుచుండెను. మొదట బొంగురుగా, చీలినట్లుండిన శబ్దము క్రమముగా గుండ్రమై, తేటపడినది. అప్పుడు మాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. నలువదియేండ్లు ఆలస్యముగా ఆ సద్దు వింటిమి.

తరువాత ఆకురాయితో పైపైన రాచెను. అరుగదీయుటకు గాదు, తెలిసికొనుటకు. ఎత్తుపై గీత పడి మెఱయును. పల్లము నల్లగా నిలుచును. నల్లగా నున్నచోట లోపలినుండి మఱల తట్టును. చేతికి అందని సన్నని లోపములకు మాత్రము లప్పము పెట్టెను. ఇచ్చట పోషకులకొక మాట. లప్పము రెండు మూడు మిల్లీమీటర్లకు మించినచో కాలక్రమమున నెఱ్ఱెలు విచ్చును. దానిక్రింద త్రుప్పు సుఖముగా పెరుగును. సముద్రపుగాలి తగులు మన సీమలో ఆ పెరుగుదల మఱింత త్వరితము. పాతకారు కొనునప్పుడు అయస్కాంతమునకు పలుచని గుడ్డచుట్టి రేకుపై ఆనించి చూడుడు. ఎచ్చట అంటుకొనదో అచ్చట రేకునకు బదులు లప్పము కలదని యెఱుగుడు. ఆ యువకుడు సుత్తిదెబ్బలకు రంగు రాలిన లోపలివైపునకును ఎఱ్ఱరంగు పూసినగాని గుడ్డ బిగింపలేదు. ఎవరును చూడని ఆవైపు పూతయే కారు ఆయువని చెప్పెను.

తొమ్మిది దినములలో కారు నిలిచినది. పెద్దషెడ్డువా రడిగినదానిలో నాలుగవవంతు కూలి తీసికొనెను. మాస్టారి అన్నగారని తగ్గింపలేదు. అందుకు మేము సంతసించితిమి. బయలుదేఱునప్పుడు, ఆనాటి సమాసము జ్ఞాపకమున్నదా యని అడుగక ఉండలేకపోయితిమి. "గుర్తుందండి" అని, చేతిలోని ఆకురాయి పని మానకయే బదులు చెప్పెను. అంతకుమించి అతడును అనలేదు; మాకును మాట రాలేదు. క్షమింపుమని అడుగవలసిన మాట అప్పుడును నోటిలోనే నిలిచిపోయెను.

సోదరులారా! ఆ అంబాసిడరు ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. ఇప్పటి కార్ల వెలుపలిరేకు పూర్వముకంటె పలుచన. వాని స్తంభములయందు బలిమి హెచ్చిన ఉక్కులను వాడుచున్నారు. వానిని ఎఱ్ఱగా కాల్చినచో ఆ బలిమి పోవును, ప్రమాదమున ప్రాణము కాపాడవలసిన చట్రము కాపాడకపోవును. కొన్నిటి బానెట్లు అల్యూమినియమువి. ఉక్కువలె ఎఱుపెక్కి హెచ్చరింపకయే అల్యూమినియము కరగిపోవును. బంపర్లు ప్లాస్టిక్కువి. చిన్నసొట్టలను రంగు చెడకుండ లోపలినుండి కడ్డీలతో నెట్టి తీయు నేర్పు క్రొత్తగా ప్రబలుచున్నది. కావున పాతవిద్య యంతయు ఉన్నదున్నట్లు చెల్లునని మేము చెప్పుట లేదు. 2021లో కేంద్రప్రభుత్వము కాలము చెల్లిన వాహనములను తుక్కుచేయు విధానమును గూడ ప్రకటించినది. అయినను ట్రాక్టర్లు, పాతలారీలు, పెండ్లిండ్లకు అలంకరించు పాతకార్లు మన గ్రామములలో ఇంకను తిరుగుచునేయున్నవి. క్రొత్తరేకునైనను, కడ్డీతో నెట్టువాడైనను, పల్లమును విడిచి అంచును చూడుమను సూత్రమును తప్పలేడు.

ఇప్పుడు మేము ఈ వేదికపై ఒప్పుకొనవలసిన రెండవ తప్పు కలదు. రెండేండ్ల క్రిందట అతడు తనయొద్ద పని నేర్చుకొనుచున్న మన కులపు బాలుని కొఱకు, ఆఱునెలల భోజనపు ఖర్చునకును, కొన్ని పనిముట్లకును మన విద్యానిధినుండి సాయము కోరుచు దరఖాస్తు పంపెను. పరిశీలించిన అయిదుగురిలో మే మొకరము. కళాశాల ప్రవేశపత్రము లేదు గనుక ఇది విద్య క్రిందికి రాదని నిరాకరించితిమి. దస్తూరి బాగుండునని ఆ వాక్యమును మా చేతనే వ్రాయించిరి, మేము వ్రాసితిమి. తొమ్మిది దినములు కనులార చూచినవారమై యుండియు వ్రాసితిమి! ఆ బాలుడు పని మాని, నేడు హైదరాబాదులో మోటారుసైకిలుపై ఇంటింటికి పొట్లములు చేర్చుచున్నాడు. అందులో అవమానమేమియు లేదు. కాని ఆ శిష్యునకు నేడు ఏబదియైదేండ్లు దాటినవి. సుత్తిసద్దులలో ఒక చెవి వినికిడి పోయినది. కుమారుడు చదువుకొని దూరమున ఉద్యోగము చేయుచున్నాడు. రెండవ చెవియు పోయిన దినమున, రేకు సద్దు మాఱెనో లేదో ఎవరు చెప్పుదురు?

మన పిల్లలు ఇంజనీర్లు, వైద్యులు కావలదని మేమనము. మేమే సుత్తిని విడిచి చదివిన వారము; ఆ చదువు మాకు అన్నము పెట్టినది. మేము కోరునది మూడే మూడు. ఒకటి: విద్యానిధినుండి ఏటేట ఇద్దరు పనినేర్చు బాలురకు, కళాశాల విద్యార్థులతో సమానముగా వేతన మిచ్చుట. దానితోపాటు చెవులకు రక్షణయు, మంటకడ నల్లకళ్లజోడును, లప్పపుధూళికి ముక్కుగుడ్డయు ఇచ్చుట. పూర్వపువారు లప్పమునకు బదులు సీసమును కరగించి పూసి, ఆ విషమును ఎఱుగకయే పీల్చిరి. మన పిల్ల లట్లు కారాదు. రెండు: ఈ సంచికలో ఏటేట ఒక వృద్ధశిల్పి పనిని, ఆ శిల్పి మాటలలోనే, చిత్రములతో అచ్చువేయుట. మూడు: ఈ వేదికపై పరీక్షలలో ప్రథములైనవారికి కప్పు శాలువతో పాటు, పనిలో ప్రథములైనవారికిని ఒకటి కప్పుట.

ఈ తీర్మానమును ప్రతిపాదించుటకు మాకంటె అర్హులు పెక్కురు కలరు. కాని నిరాకరించిన వాక్యము మా దస్తూరిలో నున్నది. కావున దానిని కొట్టివేయు వాక్యమును మేమే వ్రాసి తెచ్చితిమి. ఆ కాగిత మిదిగో అధ్యక్షులవారి బల్లపై నుంచుచున్నాము. మా శిష్యుడు నేడు సభలో వెనుకవరుసలో, వినబడు చెవిని ఇటు త్రిప్పి కూర్చుండియున్నాడు. నాయనా! 1986లో నిన్ను నవ్వినది తప్పు. పదుగురిలో నవ్వితిమి గనుక పదుగురిలోనే చెప్పుచున్నాము. క్షమింపుము.